మీకు తెలుసా? ఫ్రేమ్‌రేటు బాగున్నా గేమ్ తడబడవచ్చు

సెకనుకు 60 ఫ్రేములు చూపే గేములో ఒక్కో ఫ్రేముకు దక్కే సమయం దాదాపు 16.7 మిల్లీసెకన్లు. మధ్యలో ఏ ఒక్కటో 100 మిల్లీసెకన్లు తీసుకుంటే బొమ్మ చటుక్కున ఆగి మళ్లీ కదులుతుంది. సగటు ఫ్రేమ్‌రేటు మాత్రం పెద్దగా తగ్గదు. అందుకే సగటు అంకెను నమ్మి లాభం లేదు, ఫ్రేమ్‌టైమ్ గ్రాఫే చూడాలి.

కొత్త దృశ్యం వచ్చినప్పుడు, అదీ మొదటిసారి మాత్రమే తడబడితే కారణం చాలావరకు షేడర్ల కంపైలింగ్. గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చితే పాత షేడర్ నిల్వ చెల్లకపోవచ్చు, తడబాటు మళ్లీ మొదలవుతుంది. టెక్స్‌చర్ నాణ్యత తగ్గించగానే సర్దుకుంటే వీడియో మెమరీ చాలడం లేదన్నమాట.

చెన్నైలో ఎండనూ అనుమానించాలి. 2003 మే 31న ఇక్కడ 45 డిగ్రీలు నమోదైంది. ఫ్యాన్లు చల్లబరిచేది గదిలోని గాలితోనే కనుక గది వేడెక్కితే చిప్ కూడా ఇంచుమించు అంత మేరా వేడెక్కుతుంది. చాలా ఇంటెల్ ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గర తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. ఆట మొదట్లో సాఫీగా సాగి, కాసేపటికి తడబడుతుంటే ముందు ఉష్ణోగ్రత చూడాలి. దుమ్ము దులపాలి, అవసరమైతే థర్మల్ పేస్టు మార్చాలి. మౌంట్‌రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌లో కొత్త గ్రాఫిక్స్ కార్డుకు బేరమాడేది ఆ తర్వాతే. పేస్టూ అక్కడే దొరుకుతుంది, ధరలో మాత్రం రెండింటికీ పొంతనే లేదు.