ఇయర్‌ఫోన్ కన్నంతో పాటే రేడియో కూడా పోయింది!

కొత్త ఫోన్ కొన్నారా తమ్ముళ్ళూ? ఓసారి అటూ ఇటూ తిప్పి చూడండి. ఇయర్‌ఫోన్ పెట్టే కన్నం ఉందా? 2016లో ఐఫోన్ 7తో ఆపిల్ దాన్ని తీసేసింది. తర్వాత చాలా కంపెనీలు అదే దారి పట్టాయి. బ్లూటూత్ ఉందిగా, ఇంకా వైరెందుకంటారా?

పాటలకైతే అక్కర్లేదండి. కానీ ఫోన్‌లో ఎఫ్ఎం రేడియోకి ఆ వైరే ఏంటెన్నా. కన్నం పోయిన చాలా ఫోన్లలో రేడియో కూడా పోయింది.

మనది తుఫాన్ల నేల. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఏం జరిగిందో ఇంట్లో పెద్దాళ్ళని అడగండి. పెనుగాలికి కరెంటు పోద్ది. కొన్ని గంటలకి సెల్ టవర్ల బ్యాటరీలూ దిగిపోతాయి. ఇంక వాట్సాప్ రాదు, హెచ్చరిక మెసేజీ రాదు. ఎఫ్ఎంకి సిమ్మూ అక్కర్లేదు, డేటా అక్కర్లేదు. అందేంత దూరంలో స్టేషన్ నడుస్తుంటే చాలు, కబురు తెలుస్తుంది. అందుకే ఫోన్లలో ఎఫ్ఎం ఉంచమని 2023లో కేంద్రం కంపెనీలకి చెప్పింది. అది సలహా మాత్రమే.

పల్చటి ఫోన్ కొనొద్దని కాదు. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్ళని అడిగే నోటితోనే ఎఫ్ఎం ఉందా అని కూడా అడగండి. లేదంటారా, అటక మీద తాతగారి ట్రాన్సిస్టర్‌ని పాత సామానోడికి వేసెయ్యకండి. రెండు కొత్త సెల్లులేసి పలుకుతుందేమో చూడండి.