వేతనము లేని కొలువు: స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థల నిర్వహణ

హైదరాబాదు నగరమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము 1901వ సంవత్సరమున వెలసినది. అదే నగరమున డాక్టరు సయ్యద్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ గారు 1931లో ఇదారె అదబియాతె ఉర్దూను స్థాపించిరి. ఒకటి తెలుగు గ్రంథములకు, రెండవది ఉర్దూ గ్రంథములకును వ్రాతప్రతులకును నీడనిచ్చినది. ఇవి లాభము నాశించి పుట్టిన వర్తక సంఘములు కావు. భాషాభిమానము గల కొందరు కూడి, తమ తీరికను, కొంత సొమ్మును వెచ్చించి నడిపిన సంస్థలివి. మన కాలమున ఈ కోవకే చెందిన సంస్థలు మరియొక రంగమున బయలుదేరినవి. అవి గ్రంథములకు బదులు కంప్యూటరు ప్రోగ్రాములను నిర్మించి, కాపాడి, అందరకు పంచిపెట్టుచున్నవి. వానిని నడుపుట యెట్లు, అందలి చిక్కులేవి, ఆదిభట్ల పరిసరములలో చదువుకొను మన విద్యార్థులకు వానితో నేమి పని అను విషయములను ఇచట వివరింపదలచితిమి.

ముందుగా ఒక మాట తేటపరుపవలసి యున్నది. కంప్యూటరునకిచ్చు ఆదేశములను మనుష్యుడు చదువదగిన రీతిని వ్రాసిన పాఠమును సోర్స్ కోడ్ అందురు. పెక్కు వర్తక సంస్థలు ఈ పాఠమును తమ వద్దనే దాచుకొని, యంత్రమునకు మాత్రమే బోధపడు రూపమును అమ్మును. వంటకమును అమ్మి, వండు విధమును రహస్యముగా నుంచినట్లు. అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ఈ పద్ధతికి ఎదురు నిలిచి గ్నూ అను పథకమును ప్రకటించెను. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌ను నెలకొల్పెను. 1989లో జి.పి.ఎల్. అను లైసెన్సు వెలువడినది. దాని ప్రకారము ప్రోగ్రామును ఎవరైనను వాడవచ్చును, చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. అయితే మార్చి పంచువాడు తాను పొందిన హక్కులనే తన తరువాతి వానికిని ఈయవలెను. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టుటతో ఈ వృక్షమునకు కాండము ఏర్పడినది. ఆంగ్లమున ‘ఫ్రీ’ అను పదమునకు రెండర్థములుండుటచే అచట నేటికిని వాదములు తెగలేదు. మన భాషలకు ఆ బాధ లేదు. తెలుగున ఉచితము వేరు, స్వేచ్ఛ వేరు. ఉర్దూలో ముఫ్త్ వేరు, ఆజాద్ వేరు.

మన రాష్ట్రమున ‘స్వేచ్ఛ’ అనియే పేరు పెట్టుకొన్న సంస్థ గలదు. మొదట ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆంధ్రప్రదేశ్ అని పిలువబడిన ఈ సంస్థ 2005 ప్రాంతమున తెలుగులో పనిచేయు ఆపరేటింగ్ సిస్టమ్‌ను వెలువరించి, దాని పేరునే తన పేరుగా చేసికొన్నది. పిల్లల కొరకు ‘బాల స్వేచ్ఛ’ను తయారుచేసినది. కళాశాలలలో గ్లగ్‌లని పిలువబడు గ్నూ-లినక్స్ వాడుకరుల సంఘములను ప్రోత్సహించినది. ఇటీవల ఇంజనీరింగు విద్యార్థులను కూర్చుకొని తెలుగు కథలను సేకరింపజేసి, వాని ఆధారముగా ‘చందమామ కథలు’ అను చిన్న భాషా నమూనాను 2024లో వెలువరించినది. ఈ పనులలో అధిక భాగము విద్యార్థులును, పగలు ఉద్యోగము చేసికొని సాయంకాలము వచ్చి కూర్చుండువారును చేసినవే.

ఇచట ఒక అపోహను తొలగింపవలెను. ఇట్టి సంస్థలకు ప్రోగ్రాములు వ్రాయు నేర్పరులే కావలెనని మన విద్యార్థులు, విశేషించి సాహిత్య విభాగములవారు, తలంచుచుందురు. ఇది సరికాదు. 1917లో నిజాం ప్రభుత్వము ఉస్మానియా విశ్వవిద్యాలయము కొరకు దారుల్ తర్జుమాను స్థాపించి, శాస్త్ర గ్రంథములను ఉర్దూలోనికి తెప్పించినది. ఆ అనువాదకులు జీతము పొందిన విద్వాంసులు. నేడు కంప్యూటరు తెరపై కనబడు ప్రతి మాటను తెలుగు చేయువారు అదే పనిని జీతము లేక చేయుచున్నారు. ‘ఫైలు’ను ఫైలుగానే ఉంచవలెనా, ‘దస్త్రము’ అనవలెనా అను చర్చ వారి నడుమ తరచు వచ్చుచుండును. దస్త్రమన్నచో అచ్చ తెలుగు అని మురియువారికి, ఆ మాట పారసీకము నుండి మనకు వచ్చినదని ఈ సంచిక ఉర్దూ భాగపు మిత్రులు గుర్తుచేయగలరు. అక్షరముల సంగతియు అట్టిదే. రామభద్ర, మల్లన్న, గిడుగు, సురవరము మున్నగు పేర్లతో తెలుగు అక్షరరూపములు స్వేచ్ఛా లైసెన్సుతో లభించుచున్నవి. ఉర్దూ నస్తాలీఖు వ్రాత ఏటవాలుగా జారుచు సాగుటచే యంత్రమునకు లొంగుట మిక్కిలి కష్టము. అట్టి దానికిని నోటో నస్తాలీఖ్ ఉర్దూ వంటివి స్వేచ్ఛగా దొరకుచున్నవి. తప్పులు పట్టి తెలుపుట, వాడుక విధానమును సులభ శైలిని వ్రాయుట, జమాఖర్చులు చూచుట కూడ సంస్థకు ప్రోగ్రాములు వ్రాయుట వంటి అవసరములే.

కోడ్ అందరిదియు అయినప్పుడు సంస్థ యెందులకు అని ప్రశ్నింపవచ్చును. నిజమే, కోడ్‌ను కాపాడుటకు గోడలు అక్కరలేదు. ఒకచోట నశించినను పది చోట్ల నకళ్లుండును. కాని నకలు తీయ వీలుకాని వస్తువులు కొన్ని గలవు. సంస్థ పేరు, ప్రజలకు దానిపై గల నమ్మకము, విరాళముల సొమ్ము, క్రొత్త ప్రతిని విడుదల చేయు అధికారము, ఆ అధికారమునకు తాళపుచెవులైన రహస్య పదములు. ఇవి ఒకే మనుష్యుని చేతిలో నున్నంతకాలము పని చురుకుగా సాగును. అతడు పెండ్లి చేసికొని విదేశమునకు వెళ్లినచో, జబ్బుపడినచో, అలిగినచో అంతయు ఆగిపోవును. వీనిని ఒకని చేతినుండి నియమముగల పలువురి చేతులలోనికి మార్చుటయే ఫౌండేషన్ చేయు ముఖ్య కార్యమని మా అభిప్రాయము.

ఇందుకు రెండు ప్రసిద్ధ పద్ధతులను పరిశీలింతము. 1993లో పుట్టిన డెబియన్ ప్రాజెక్టు 1998లో తనకొక రాజ్యాంగమునే వ్రాసికొన్నది. సభ్యులు ఏటేట నాయకుని ఎన్నుకొందురు. ఓటుపత్రములో అభ్యర్థులతో పాటు ‘వీరిలో ఎవరును వద్దు’ అను మరియొక వరుస ఉండును, అదియే గెలిచినచో ఎన్నిక మరల జరుపవలెను. భారతదేశపు ఓటరునకు ఇట్టి మీట 2013లో గాని లభింపలేదు. మన మీటకు ఎన్నికను తిరుగదోడు బలము లేదు కూడ. 1999లో ఏర్పడిన అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ రీతి వేరు. అందు సభ్యత్వము వ్యక్తులకే గాని కంపెనీలకు లేదు. ఎంత గొప్ప కంపెనీ అయినను విరాళమీయవచ్చునే గాని, ఆ విరాళముతో ఓటు కొనజాలదు. సభ్యులు ఏటా తొమ్మండుగురు డైరెక్టర్లను ఎన్నుకొందురు. పనిచేసినవారికి పనిచేసిన కొలది అధికారము పెరుగును. ముఖ్య విషయములపై నిర్ణయమునకు సాధారణముగా 72 గంటల వ్యవధి నిత్తురు. ఇచట పగలైనపుడు అమెరికాలో రాత్రి కదా! ఎవరి తీరిక వేళ వారు చదివి, వ్రాతమూలముగా అభిప్రాయము చెప్పవలెను. టీ దుకాణము వద్ద నలుగురు కలిసి తీర్మానించుకొన్న సంగతి, అక్కడ లేనివారికి తీర్మానము కానేరదు. జీతము లేక పనిచేయువానికి సంస్థ ఈయగల గౌరవము ఇదియే. ఇది కొరవడినచో వాడు రాజీనామా సైతము వ్రాయక మౌనముగా మాయమగును.

ఇక సొమ్ము, చట్టము. ఈ భాగము నీరసమైనదే అయినను కళాశాల కమిటీవారు దీనినే ముందుగా అడుగుదురు. హైదరాబాదు రాజ్యకాలమున 1350 ఫసలీ నాటి సంఘముల చట్టముండెడిది. నేడు తెలంగాణలో 2001 నాటి సంఘముల రిజిస్ట్రేషన్ చట్టము వర్తించును. కనీసము ఏడుగురు సభ్యులు, ఉద్దేశపత్రము, నియమావళి ఉన్నచో సంఘమును రిజిస్టరు చేయవచ్చును. కంపెనీల చట్టము ఎనిమిదవ సెక్షను క్రింద లాభాపేక్ష లేని కంపెనీగా కూడ ఏర్పడవచ్చును. విదేశములందున్న పూర్వ విద్యార్థి తన బిడ్డ పుట్టినరోజున నూరు డాలర్లు పంపెదనన్నచో తొందరపడి పుచ్చుకొనరాదు. పంపువాడు భారత పౌరుడా, పరదేశ పౌరసత్వము స్వీకరించినవాడా అనునది ముందు చూడవలెను. రెండవ తెగవాడైనచో అది విదేశీ విరాళమగును. అందులకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ కావలెను. 2020 సవరణ తరువాత అట్టి సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ముఖ్య శాఖలోని ఖాతాకే మొదట చేరవలెను. సంఘము మూడేండ్లు నడిచి, తన ఆశయములకై పదునైదు లక్షలు వ్యయము చేసియుండవలెనన్న నిబంధన కూడ కలదు. కావున చిన్న సంఘములకు ఈ ద్వారము ఇంచుమించు మూసియున్నట్లే.

అయితే సొమ్ము లేమి కంటెను పెద్ద ప్రమాదము అలసట. 2014 ఏప్రిల్‌లో ‘హార్ట్‌బ్లీడ్’ అను లోపము బయటపడినది. లోకమందలి వెబ్‌సైట్లలో పెద్ద భాగము రహస్యములను కాపాడు ఓపెన్ఎస్ఎస్ఎల్ అను ప్రోగ్రాములో ఆ లోపముండెను. కోట్ల డాలర్ల వ్యాపారములు ఆధారపడిన ఆ ప్రోగ్రామునకు అంతవరకు ఏటా వచ్చిన విరాళము రమారమి రెండువేల డాలర్లని తెలిసినపుడు పెద్ద కంపెనీలు సిగ్గుపడి సహాయమునకు ముందుకు వచ్చినవి.

పది సంవత్సరములకు జరిగిన మరియొక ఉదంతము ఇంతకంటెను భయంకరము. ఫైళ్లను కుదించు ‘ఎక్స్‌జెడ్’ అను చిన్న ప్రోగ్రామును లాస్సె కొలిన్ అను ఫిన్లాండు వ్యక్తి ఏండ్ల తరబడి ఇంచుమించు ఒంటరిగా, జీతము లేక కాపాడుచుండెను. పని మందకొడిగా సాగుచున్నదని కొన్ని అజ్ఞాత నామములు ఆయనను నిందింపసాగినవి. ఆ సమయముననే జియా టాన్ అను పేరుగల మరియొకరు ఓర్పుతో, మర్యాదతో, రెండేండ్లకు పైగా మంచి పనిచేసి చూపి, చివరకు విడుదల అధికారమును పొందిరి. 2024 ఆరంభమున వెలువడిన 5.6.0, 5.6.1 ప్రతులలో దొంగదారి నొకదానిని దాచిరి. అదే మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు, తన యంత్రములోనికి ప్రవేశించుటకు అర సెకను ఆలస్యమగుచున్నదని అనుమానించి, త్రవ్వి చూచి లోకమునకు తెలిపెను. ఆ ప్రతులు అప్పటికి పరీక్షా దశను దాటి విస్తరింపకుండుటచే గండము గడచినది. ఆ దొంగ బ్రద్దలుకొట్టినది తాళము కాదు. ఒక మంచివాని అలసటయే వానికి ద్వారమైనది. ఆ ఇంజనీరు అర సెకను ఉపేక్షించియున్నచో ఏమగునో ఊహించుటకే జంకు కలుగును.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వత్తము. ఆదిభట్లలో టి.సి.ఎస్. ప్రాంగణమును, విమాన భాగములను తయారుచేయు టాటా కర్మాగారములును కలవు. ఇబ్రహీంపట్నం చుట్టుపట్ల ఇంజనీరింగు కళాశాలలకు కొదువ లేదు. విమాన భాగములకు ఎవరు చేసిరి, ఎవరు పరీక్షించిరి అను లెక్క అతి జాగ్రత్తగా నుంచుట ఆ పరిశ్రమ ధర్మము. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లోను ప్రతి వాక్యము వెనుక వ్రాసినవాని పేరు, తేది నిలిచియుండును. 2005లో టోర్వాల్డ్స్ నిర్మించిన గిట్ అను సాధనము ఆ లెక్కను నడుపును. కాబట్టి నేటి విద్యార్థి చేసిన పని రేపటి ఉద్యోగదాత కన్నులకు నేరుగా కనబడును.

కాని ఉద్యోగమున చేరిన పిదప ఒక చిక్కు గలదు. మన 1957 కాపీరైట్ చట్టము 17వ సెక్షను ప్రకారము, వేరు ఒప్పందము లేనిచో, ఉద్యోగ ధర్మముగా వ్రాసిన ప్రోగ్రామునకు మొదటి హక్కుదారు యజమానియే. కంపెనీల నియామక పత్రములలో ఇంతకంటెను కఠినమైన షరతులు ఉండవచ్చును. కావున కళాశాలలో ఉత్సాహముగా పనిచేసిన యువకుడు, యువతి, చేరినపిమ్మట ఆ పత్రమును శ్రద్ధగా చదివి, అవసరమైనచో అనుమతిని వ్రాతమూలముగా పొందవలెను. అనుమతి లేని కోడ్‌ను స్వీకరించిన సంస్థ తరువాత న్యాయస్థానము మెట్లెక్కవలసి రావచ్చును. అపాచీ వంటి సంస్థలు తమ ముఖ్య రచయితల వద్ద సంతకముతో కూడిన హామీపత్రము తీసికొనుట ఇందుకొరకే.

కళాశాలలో నడుచు సంఘమునకు సహజమైన శత్రువు కాలము. డిగ్రీ విద్యార్థి మూడేండ్లు, ఇంజనీరింగు విద్యార్థి నాలుగేండ్లు ఉండును. మొదటి ఏడు పరిచయమునకు, చివరి ఏడు ఉద్యోగ వేటకు పోగా, పని జరుగునది నడుమ కాలమందే. చురుకైన జట్టు పట్టా పుచ్చుకొని వెళ్లగా, రహస్య పదము తెలిసినవాడు లేక, వెబ్ చిరునామాకు ఏటేట కట్టవలసిన స్వల్ప రుసుము కట్టు దిక్కు లేక మూతపడిన సంఘములను మేము చూచితిమి. ఇందుకు కమిటీవారు చేయదగిన సహాయము పెద్ద వ్యయముతో కూడినది కాదు. సాయంకాలము ఆరు తరువాతను తెరచియుండు ఒక గదియు, మారుచుండని ఒక అధ్యాపకుని పర్యవేక్షణయు, సంఘము పేర ఇద్దరి సంతకములతో నడుచు బ్యాంకు ఖాతాయు చాలును. అనువాదము, అక్షరరూప పరీక్ష చేసిన తెలుగు, ఉర్దూ విద్యార్థులకు కంప్యూటరు విద్యార్థులతో సమానముగా యోగ్యతా పత్రమిచ్చినచో సంఘము బలము రెట్టింపగును.

విద్యార్థులు చేయవలసినది అప్పగింతను ముందుగా జరుపుట. రహస్య పదములు ఎన్నడును ఇద్దరికి తక్కువగా తెలిసియుండరాదు, ఆ ఇద్దరిలో ఒకరు రెండవ సంవత్సరపు విద్యార్థి కావలెను. లెక్కల పుస్తకము, నిర్ణయముల పుస్తకము అప్పటికప్పుడు వ్రాయవలెను. పరీక్షల హడావుడి నిండిన ఏప్రిల్‌లో గాక, జనవరిలోనే క్రొత్త కార్యవర్గమునకు బాధ్యతలు అప్పగింపవలెను. అప్పుడు పాతవారు ఇంకను మూడు నెలలు ఈ ఆవరణమందే తిరుగుచుందురు కనుక, క్రొత్తవారు తడబడిన చోట పోయి అడుగవచ్చును.