మన తాడ్వాయి కాదు, ములుగు తాడ్వాయి

కామారెడ్డి: ఎల్లారెడ్డి దారిలోని మన తాడ్వాయి కాదు, ములుగు జిల్లా తాడ్వాయి. 2024 ఆగస్టు 31న అక్కడి అడవిలో పెనుగాలికి 50 వేలకు పైగా చెట్లు నేలకూలాయి. మనుషులెవరూ చనిపోలేదు. 1989 ఏప్రిల్ 26న బంగ్లాదేశ్‌లోని సాటూరియాలో సుడిగాలి ఊళ్ల మీదుగా సాగింది. సుమారు 1,300 మంది బలయ్యారు.

సుడిగాలి దారిలో గాలిని కొలిచే యంత్రం ఉండడమే అరుదు. ఉన్నా నిలవడం కష్టం. అందుకే కూలినవాటిని చూసి బలాన్ని లెక్కగడతారు. చెట్లు ఒకేవైపుగానో, విసనకర్రలా విచ్చుకునో ఒరిగితే మబ్బు నుంచి కిందికి దూకిన గాలి. మెలిపడి, అడ్డదిడ్డంగా పడితే సుడిగాలి. ములుగులో వీచింది ఏదన్న దానిపై చర్చ నడిచింది.

అదే ఏడాది ఫిబ్రవరిలో మేడారం జాతర. లక్షలాది భక్తులు, పిల్లాపాపలతో, ఆ అడవి చెంతనే గుడారాలు వేసుకుని ఉన్నారు.