వార్తల్లో పదం: గ్లైసీమిక్ ఇండెక్స్

వార్తల్లోనూ, ప్యాకెట్ల మీదా కనిపిస్తున్న ‘లో జీఐ’లోని జీఐ అంటే గ్లైసీమిక్ ఇండెక్స్. ఒక పదార్థం తిన్నాక రెండు గంటల్లో రక్తంలో గ్లూకోజు ఏ మేరకు పెరుగుతుందో చెప్పే అంకె. 1981లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం దీన్ని ప్రతిపాదించింది. గ్లూకోజును 100గా తీసుకుని మిగతావాటిని దానితో పోలుస్తారు. 55 వరకు తక్కువ, 70 నుంచి ఎక్కువ. పంచదారది సుమారు 65.

బెల్లం మార్కెట్‌కు పేరుపడ్డ అనకాపల్లి జిల్లాలో, తాండవ సహకార చక్కెర కర్మాగారం నడిచిన పాయకరావుపేటలో ఈ అంకె తెలిసి ఉండటం మరీ అవసరం. షుగర్ ఉన్నవాళ్లు టీలో పంచదార మాని బెల్లం వేసుకుంటే చాలనుకోవడం మామూలే. కానీ బెల్లంలోనూ అధికభాగం సుక్రోజే, రక్తానికి ఆ తేడా పెద్దగా తెలియదు. ఇనుము ఉంటుంది కదా అంటారు. ఉంటుంది, కాకపోతే టీలో వేసే చిన్న ముక్కతో ఒంటికి అందేది స్వల్పమే. అలాగని జీఐ తక్కువైతే ఎంతైనా తినొచ్చనీ కాదు. ఫ్రక్టోజు జీఐ బాగా తక్కువ, అయినా మోతాదు మించితే కాలేయంలో కొవ్వు చేరుతుంది. అందుకే మోతాదునూ లెక్కలోకి తీసుకునే ‘గ్లైసీమిక్ లోడ్’ మెరుగైన కొలత అని నా అభిప్రాయం.

పంచదారకు బదులుగా కొందరు వాడే తీపి పదార్థం స్టీవియా రక్తంలో గ్లూకోజును దాదాపు పెంచదు. బరువు తగ్గడానికి ఇలాంటి చక్కెరేతర తీపి పదార్థాలు వాడొద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది, అయితే అప్పటికే మధుమేహమున్నవారికి ఆ సూచన వర్తించదని స్పష్టం చేసింది. ఇన్సులిన్ వాడేవారికి షుగర్ పడిపోయి చెమటలు పడితే మాత్రం స్టీవియా పనికిరాదు, వెంటనే ఇవ్వాల్సింది గ్లూకోజు లేదా పంచదార నీళ్లే.