ఆల్-సీజన్ టైర్లు

ఆల్-సీజన్ టైర్లు అనగా ఎండ, వాన, ఒక మోస్తరు చలి, కొద్దిపాటి మంచు వంటి పరిస్థితులన్నింటిలో, సంవత్సరం పొడవునా మార్చకుండా వాడుకొనేందుకు ఉద్దేశించిన కారు టైర్లు. తెలుగులో వీటిని "అన్ని కాలాల టైర్లు" అనవచ్చును. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో అమ్ముడయ్యే కొత్త కార్లలో ఎక్కువ భాగం ఈ టైర్లతోనే కర్మాగారం నుండి బయటకు వస్తాయి. అందువలన అక్కడి డ్రైవర్లలో చాలా మందికి తమ కారుకు ఏ రకం టైర్లు ఉన్నాయో ఆలోచించవలసిన అవసరం మొదటి మంచు కురిసే వరకు రాదు.

ఇవి వేసవి టైరుకు, శీతాకాలపు టైరుకు మధ్య కుదిర్చిన ఒక రాజీ. పేరులో "అన్ని కాలాలు" అని ఉన్నప్పటికీ, తీవ్రమైన శీతాకాలం ఈ రాజీ పరిధిలోకి రాదు. ఈ తేడా తెలియకపోవడం అనేక ప్రమాదాలకు దారి తీస్తుంది.

తెలుగులో "మంచు" అనే మాటకు పలు అర్థాలున్నాయి. ఈ వ్యాసంలో ఆకాశం నుండి కురిసే తెల్లని మంచును "మంచు" అనీ, నీరు గడ్డకట్టి రోడ్డుపై ఏర్పడే గట్టి పొరను "మంచుగడ్డ" అనీ వ్యవహరించడం జరిగింది.

చరిత్ర

మొదట్లో మంచు ప్రదేశాలలోని వాహనదారులు మామూలు టైర్లకు ఇనుప గొలుసులు చుట్టి నడిపేవారు. శీతాకాలానికి ప్రత్యేకించిన టైరును ఫిన్లాండ్ దేశపు సంస్థ (నేటి నోకియన్ టైర్స్) 1934లో లారీల కోసం తయారు చేసింది. 1936లో అదే సంస్థ కార్ల కోసం "హక్కపెలీటా" అనే టైరును విడుదల చేసింది. ఆ తరువాత ఉత్తర అమెరికాలోని చలి ప్రాంతాలలో కూడా ఏటా శీతాకాలం రాగానే మంచు టైర్లు బిగించి, వసంతంలో తీసివేయడం అలవాటుగా మారింది. ఈ మంచు టైర్లు మామూలు రోడ్డుపై పెద్ద శబ్దం చేసేవి, త్వరగా అరిగిపోయేవి. పైగా రెండవ జత టైర్లను ఎక్కడో ఒకచోట భద్రపరచుకోవలసి వచ్చేది.

ఈ ఇబ్బందిని తొలగించడానికి ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ నగరానికి చెందిన గుడ్‌ఇయర్ సంస్థ 1977లో "టియెంపో" అనే రేడియల్ టైరును ప్రవేశపెట్టింది. స్పానిష్ భాషలో టియెంపో అనే పదానికి కాలం, వాతావరణం అనే రెండు అర్థాలూ ఉన్నాయి. ఏడాదికి రెండుసార్లు టైర్లు మార్చే పని తప్పడంతో ఈ తరహా టైర్లకు ఆదరణ పెరిగింది. అదే కాలంలో ముందు చక్రాలతో నడిచే కార్లు ఎక్కువయ్యాయి. ఇంజను బరువు నేరుగా నడిపే చక్రాలపైనే పడడం వలన ఈ కార్లు కొద్దిపాటి మంచులో ఆల్-సీజన్ టైర్లతోనే కదలగలిగేవి. ఈ కారణాల వలన కొద్ది దశాబ్దాలలోనే ఇవి ఉత్తర అమెరికాలో సాధారణ టైర్లు అయిపోయాయి.

నిర్మాణం

టైరు పట్టు ప్రధానంగా రెండింటిపై ఆధారపడి ఉంటుంది: రబ్బరు మిశ్రమం, ట్రెడ్ అని పిలిచే పైపొరలోని గాళ్ళ అమరిక.

రబ్బరు మిశ్రమం: రోడ్డు ఉపరితలంపై కంటికి కనిపించని ఎగుడుదిగుడులు ఉంటాయి. రబ్బరు మెత్తగా ఉన్నప్పుడే వాటిలోకి ఒదిగి పట్టు సాధిస్తుంది. చలి పెరిగే కొద్దీ రబ్బరు గట్టిపడి ఈ గుణాన్ని కోల్పోతుంది. వేసవి టైర్ల రబ్బరు వేడిలో మరీ మెత్తబడకుండా తయారవుతుంది కనుక చలిలో త్వరగా బిగుసుకుంటుంది. శీతాకాలపు టైర్ల రబ్బరు గడ్డకట్టే చలిలో కూడా మెత్తగా ఉంటుంది, కానీ వేడి రోడ్డుపై త్వరగా అరిగిపోతుంది. ఆల్-సీజన్ టైర్ల రబ్బరు ఈ రెండింటికీ నడుమ ఉంటుంది. తయారీదారులు సాధారణంగా 7 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతను హద్దుగా చెబుతారు. అంతకంటే చల్లగా ఉండే రోజులు ఎక్కువైతే శీతాకాలపు టైర్లు మేలని వారి సూచన. అయితే ఇది కచ్చితమైన గీత కాదు, పట్టు క్రమంగా తగ్గుతుంది.

ట్రెడ్: టైరు చుట్టూ ఉండే లోతైన గాళ్ళు వాన నీటిని పక్కలకు నెట్టివేస్తాయి. నీరు అలా పోకపోతే టైరు నీటి పొరపై తేలిపోయి కారు అదుపు తప్పుతుంది. దీనిని హైడ్రోప్లేనింగ్ అంటారు. ట్రెడ్ దిమ్మెలపై కత్తితో కోసినట్లు కనిపించే సన్నని చీలికలను సైపులు అంటారు. 1920లలో వీటికి పేటెంటు పొందిన జాన్ సైప్ పేరు మీదుగా ఈ పేరు వచ్చింది. ఈ చీలికల అంచులు మంచును పట్టుకుంటాయి. సైపులు ఎక్కువైతే మంచులో పట్టు పెరుగుతుంది, కానీ దిమ్మెలు వదులై పొడి రోడ్డుపై మలుపులలో టైరు కొంత ఊగినట్లనిపిస్తుంది. అందువలన ఆల్-సీజన్ టైర్లలో శీతాకాలపు టైర్ల కంటే తక్కువ సైపులుంటాయి.

టైరుపై ఉండే గుర్తులు

టైరు పక్క గోడపై ముద్రించిన గుర్తులు దాని సామర్థ్యాన్ని తెలుపుతాయి. వీటిలో మూడింటిని డ్రైవర్లు తరచుగా పొరపాటుగా అర్థం చేసుకుంటారు.

ఎం+ఎస్: బురద, మంచు అనే అర్థాలనిచ్చే ఆంగ్ల పదాల మొదటి అక్షరాలివి. దాదాపు అన్ని ఆల్-సీజన్ టైర్లపై ఈ గుర్తు ఉంటుంది. ట్రెడ్‌లో తగినంత ఖాళీ స్థలం, నిర్ణీత రీతిలో గాళ్ళు ఉంటే ఈ గుర్తు వేయవచ్చును. ఇది కేవలం ఆకృతికి సంబంధించిన నిర్వచనం. ఈ గుర్తు కోసం టైరును మంచుపై నడిపి పరీక్షించనవసరం లేదు.

కొండ-మంచురేకు గుర్తు: మూడు శిఖరాల కొండ మధ్యలో మంచురేకు ఉండే ఈ బొమ్మ 1999లో ఉత్తర అమెరికాలో వాడుకలోకి వచ్చింది. గట్టిపడిన మంచుపై పరీక్షించినప్పుడు, ఒక ప్రమాణ టైరు కంటే కనీసం 10 శాతం ఎక్కువ పట్టు చూపాలన్నది తొలి నిబంధన. అయితే ఉత్తర అమెరికా పరీక్ష కారు ముందుకు కదిలే పట్టును మాత్రమే కొలుస్తుంది. మంచుగడ్డపై ఆగే శక్తిని గానీ, మలుపు తిరిగే శక్తిని గానీ కొలవదు.

నాణ్యతా శ్రేణి: అమెరికా ప్రభుత్వ నిబంధనల ప్రకారం టైర్లపై అరుగుదల సంఖ్య, తడి రోడ్డు పట్టు, వేడిని తట్టుకొనే శక్తి అనే మూడు శ్రేణులు ముద్రిస్తారు. ఇందులో "పట్టు" శ్రేణి తడి రోడ్డుపై తిన్నగా ఆగడానికి సంబంధించినది. అత్యుత్తమ శ్రేణి ఉన్నంత మాత్రాన ఆ టైరు మంచులో బాగా పనిచేస్తుందని అర్థం కాదు.

డ్రైవర్ల అనుభవాలు

ఏడాదిలో ఎక్కువ రోజులు పొడి రోడ్లు, వానలు మాత్రమే ఉండే చోట్ల డ్రైవర్లు ఆల్-సీజన్ టైర్లతో సాధారణంగా సంతృప్తిగా ఉంటారు. ఇవి తక్కువ శబ్దంతో నడుస్తాయి, ఎక్కువ కాలం మన్నుతాయి. అభిప్రాయ భేదాలు శీతాకాలం దగ్గరే మొదలవుతాయి. ఒకే టైరు గురించి ఒకరు "మంచులో ఏ ఇబ్బందీ రాలేదు" అనీ, మరొకరు "బ్రేకు వేస్తే ఆగలేదు" అనీ చెప్పడం సాధారణం. ఇద్దరి మాటా నిజమే కావచ్చును. ఈ తేడాకు కారణాలు ఇవి:

మంచు స్వభావం: అప్పుడే కురిసిన పొడి మంచులో ట్రెడ్ దిగబడుతుంది కనుక కొంత పట్టు దొరుకుతుంది. వాహనాలు తొక్కి నున్నబరచిన మంచుపై పట్టు తగ్గుతుంది, మంచుగడ్డపై దాదాపు ఉండదు. పైగా సున్నా డిగ్రీల దగ్గర ఉన్న మంచుగడ్డ, మైనస్ 20 డిగ్రీల వద్ద ఉన్న మంచుగడ్డ కంటే ఎక్కువగా జారుతుంది. కరిగే స్థితిలో దానిపై సన్నని నీటి పొర ఉండడమే ఇందుకు కారణం.

కదలడం, ఆగడం వేరు: నాలుగు చక్రాలతో నడిచే కారు ఉన్నవారికి తరచుగా కలిగే అపోహ ఇది. అటువంటి కారు మంచులో సులభంగా కదులుతుంది. కానీ బ్రేకు వేసినప్పుడు ఏ కారైనా నాలుగు చక్రాల మీదనే ఆగుతుంది కనుక ఆగడంలో దానికి ప్రత్యేక లాభం ఏమీ లేదు. సులభంగా వేగం అందుకున్న కారు అంత సులభంగా ఆగుతుందని డ్రైవరు నమ్మడమే ప్రమాదం.

ఈ విషయాన్ని ఒక లెక్కతో గ్రహించవచ్చు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు బ్రేకు పడిన తరువాత ఆగడానికి, ఘర్షణ గుణకం 0.8 ఉన్న పొడి రోడ్డుపై సుమారు 12 మీటర్లు పడుతుంది. గుణకం 0.25 ఉన్న గట్టి మంచుపై 39 మీటర్లు, 0.1 ఉన్న మంచుగడ్డపై 98 మీటర్లు అవుతుంది. వేగం రెట్టింపైతే ఈ దూరాలు నాలుగింతలవుతాయి. శీతాకాలపు టైరు ఈ గుణకాన్ని కొంత పెంచుతుంది. ఆ కొద్దిపాటి తేడాయే ముందున్న వాహనానికి తగలకుండా ఆగడానికి సరిపోవచ్చును.

అరుగుదల: కొత్త ఆల్-సీజన్ టైరు ట్రెడ్ లోతు సుమారు 8 మిల్లీమీటర్లు ఉంటుంది. అమెరికాలోని ఎక్కువ రాష్ట్రాలలో చట్టపరమైన కనీస లోతు 1.6 మిల్లీమీటర్లు. కానీ మంచులో పట్టు అంతకు చాలా ముందే, సుమారు 5 మిల్లీమీటర్ల దగ్గరే, బాగా తగ్గిపోతుంది. అందుకే "మొదటి శీతాకాలం బాగానే గడిచింది, మూడవ ఏట జారిపోయింది" అనే అనుభవం ఎక్కువగా వినబడుతుంది. అక్కడి డ్రైవర్లు ఒక సెంటు నాణేన్ని గాడిలో తలక్రిందులుగా పెట్టి చూస్తారు. నాణెంపై ఉన్న లింకన్ తల పూర్తిగా కనబడితే టైరు ఆయుష్షు తీరినట్లే.

గాలి: ఉష్ణోగ్రత సుమారు 5.6 డిగ్రీల సెల్సియస్ తగ్గినప్పుడల్లా టైరులో గాలి పీడనం దాదాపు 1 పీఎస్ఐ తగ్గుతుంది. 20 డిగ్రీల వద్ద 33 పీఎస్ఐ నింపిన టైరులో మైనస్ 10 డిగ్రీల ఉదయాన సుమారు 28 మాత్రమే ఉంటుంది. అప్పటికే కొంత గాలి తగ్గి ఉన్న టైర్లలో మొదటి చలి ఉదయాన హెచ్చరిక దీపం వెలగడం ఇందువల్లనే. ఇది పంక్చరు కాదు, గాలి నింపితే సరిపోతుంది.

రెండు సంఘటనలు

2014 జనవరి 28న జార్జియా రాష్ట్రంలోని అట్లాంటా నగరంలో రెండు, మూడు అంగుళాల మంచు కురిసింది. పాఠశాలలు, కార్యాలయాలు ఒకేసారి వదలడంతో రోడ్లు నిండిపోయాయి, వాహనాల కింద మంచు మంచుగడ్డగా మారింది. వేల మంది రాత్రంతా కార్లలోనే చిక్కుకుపోయారు. కొందరు పిల్లలు పాఠశాలలలోనే రాత్రి గడిపారు. శీతాకాలపు టైర్లు కొనే అలవాటు లేని దక్షిణాది నగరంలో కొద్దిపాటి మంచు ఎంత ఇబ్బంది కలిగిస్తుందో ఈ సంఘటన తెలిపింది.

2021 ఫిబ్రవరి 11 ఉదయం టెక్సాస్ రాష్ట్రంలోని ఫోర్ట్ వర్త్ నగరంలో గడ్డకట్టిన వాన నీటి వలన జాతీయ రహదారిపై 130కి పైగా వాహనాలు ఒకదానికొకటి ఢీకొని 6 గురు మరణించారు. ఇటువంటి మంచుగడ్డపై మేలైన శీతాకాలపు టైర్లు కూడా పూర్తి రక్షణ ఇవ్వలేవు. వేగం తగ్గించడం, వీలైతే ప్రయాణం మానుకోవడం మాత్రమే మార్గం.

చట్టాలు

ఆల్-సీజన్ టైర్లను శీతాకాలానికి సరిపోయేవిగా పరిగణించాలా లేదా అన్న విషయంలో ప్రభుత్వాల మధ్య ఏకాభిప్రాయం లేదు.

కెనడాలోని క్విబెక్ రాష్ట్రం 2008 నుండి శీతాకాలపు టైర్లను తప్పనిసరి చేసింది. 2014 డిసెంబరు నుండి కొండ-మంచురేకు గుర్తు ఉన్నవాటినే అంగీకరిస్తున్నది. ప్రస్తుతం ఈ నిబంధన డిసెంబరు 1 నుండి మార్చి 15 వరకు అమలులో ఉంటుంది.

జర్మనీలో రోడ్డుపై మంచు లేదా మంచుగడ్డ ఉన్నప్పుడు తగిన టైర్లు ఉండాలి. 2017 ముగిసేలోగా తయారైన ఎం+ఎస్ టైర్లకు ఇచ్చిన సడలింపు 2024 సెప్టెంబరు 30తో ముగిసింది.

కొలరాడో రాష్ట్రపు కొండ దారిలో మాత్రం 2019 చట్టం ప్రకారం, తగిన ట్రెడ్ లోతు ఉంటే ఎం+ఎస్ టైర్లు కూడా చెల్లుతాయి.

ఆల్-వెదర్ టైర్లు

పేరు దగ్గరగా ఉన్నా ఇవి వేరు. సంవత్సరం పొడవునా వాడుకోదగినవై ఉండి, కొండ-మంచురేకు గుర్తు కూడా పొందిన టైర్లను ఆల్-వెదర్ టైర్లు అంటారు. ఐరోపాలో 2015లో వచ్చిన మిషెలిన్ సంస్థ వారి "క్రాస్‌క్లైమేట్" ఈ రకానికి చెందినది. టైర్లు మార్చే సౌకర్యం లేనివారికి, ఒక మోస్తరు మంచు కురిసే ప్రాంతాల వారికి ఇవి ఉపయోగకరం. మంచుగడ్డపై మాత్రం అసలు శీతాకాలపు టైర్లతో ఇవి సాటిరావు.

తెలుగువారు - ఆల్-సీజన్ టైర్లు

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో రోడ్లపై మంచు పేరుకోదు. లంబసింగి, ఆదిలాబాదు వంటి చోట్ల చలికాలపు రాత్రులు బాగా చల్లబడినా, టైరుకు ఇక్కడ అసలు పరీక్ష ఎండ వేడి, వాన నీరు. కాబట్టి ఇక్కడ డ్రైవింగు నేర్చుకొని డాలస్, అట్లాంటా, న్యూజెర్సీ, టొరంటో వంటి చోట్లకు వెళ్ళినవారికి టైర్లను కాలాన్ని బట్టి ఎంచుకోవడం కొత్త విషయం. పాత కారు కొనేటప్పుడు ఇంజను, ధర చూసి టైర్లను గమనించకపోతే మొదటి శీతాకాలంలో ఇబ్బంది కలుగుతుంది. ట్రెడ్ లోతుతో పాటు టైరు వయసు కూడా చూడాలి. పక్క గోడపై ఉండే డాట్ సంకేతంలోని చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని తెలుపుతాయి. ఉదాహరణకు 2321 అని ఉంటే ఆ టైరు 2021వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం.

ఎంపిక, జాగ్రత్తలు

* మంచు అరుదుగా కురిసే ప్రాంతాలలో మంచి ట్రెడ్ ఉన్న ఆల్-సీజన్ టైర్లు సరిపోతాయి. మంచు కురిసిన రోజున ప్రయాణం వాయిదా వేసుకోవడం మంచిది.
* ఏటా కొద్ది వారాలు మంచు ఉండే ప్రాంతాలలో ఆల్-వెదర్ టైర్లు మేలు.
* నెలల తరబడి మంచు, మంచుగడ్డ ఉండే ప్రాంతాలలో శీతాకాలపు టైర్లు అవసరం. వీటిని నాలుగు చక్రాలకూ వేయాలి. ముందు చక్రాలకు మాత్రమే వేస్తే వెనుక భాగం జారి కారు గిరగిరా తిరిగిపోవచ్చును.
* టైర్లను 8 నుండి 12 వేల కిలోమీటర్లకు ఒకసారి ముందు వెనుకలకు మార్చుతూ ఉంటే సమంగా అరుగుతాయి.
* గాలి పీడనాన్ని నెలకొకసారి, టైరు చల్లగా ఉన్నప్పుడు సరిచూడాలి.

ఇవి కూడా చూడండి

* టైరు
* రబ్బరు
* ఘర్షణ
* మోటారు కారు