మీకు తెలుసా? పాత చైన్‌సా ఇంజన్‌కు ఏ పార్టు కొనాలో ఇంజనే చెబుతుంది

సరుగుడు, జామాయిల్ తోటల్లో ఏళ్ల తరబడి పనిచేసిన చైన్‌సా ఓ రోజు పట్టేస్తుంది. తాడు లాగితే కదలదు. వెంటనే సిలిండరు, పిస్టన్ కలిపి అమ్మే సెట్టు కొని బిగించేవాళ్లు చాలామంది. కొన్ని రోజులకే అదీ పట్టేస్తుంది. డబ్బు పెట్టే ముందు తెలుసుకోవాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి.

గీతలు ఏ వైపున్నాయో చూస్తే కారణం తెలుస్తుంది

పిస్టన్‌కు సైలెన్సర్ వైపు మాత్రమే గీతలు పడితే, ఇంజన్‌లోకి గాలి ఎక్కువై పెట్రోలు తగ్గి, అది మితిమీరి వేడెక్కిందని అనుమానించాలి. కార్బొరేటర్ వైపు గరుకుగా అరిగిపోతే ఫిల్టర్ దాటి దుమ్ము లోపలికి వెళ్లింది. చుట్టూ గీతలుంటే చాలాసార్లు ఆయిల్ కలపని పెట్రోలు పోసి ఉంటారు. మొదటి సందర్భంలో ఆయిల్ సీళ్లు, రెండోదాంట్లో ఎయిర్ ఫిల్టర్ కొనకుండా పిస్టన్ ఒక్కటే మారిస్తే ఆ ఖర్చు వృథా.

ఈ సిలిండరును బోరు చేయించలేం

యమహా ఆర్‌ఎక్స్ 100 సిలిండరు అరిగితే లేత్ షాపులో బోరు చేయించి, 0.25 మి.మీ. పెద్ద పిస్టన్ వేయడం మన మెకానిక్‌లకు అలవాటైన పని. దాని లోపల పోత ఇనుము ఉంటుంది కాబట్టి అది కుదిరింది. మంచి చైన్‌సా సిలిండరు అల్యూమినియంతో చేసినది. లోపలి గోడకు క్రోమ్ పూతో, సిలికాన్ కార్బైడ్ రేణువులు కలిపిన నికెల్ పూతో ఉంటుంది. నికాసిల్ అని పేరున్న ఈ రెండో పూతను జర్మనీకి చెందిన మాలే సంస్థ 1960ల్లో వాంకెల్ ఇంజన్ల కోసం తయారుచేసింది. బోరు చేస్తే ఆ పలుచని పూత మొత్తం పోతుంది.

సిలిండరులో కనిపించే గీతలన్నీ గీతలు కావు

పూత పిస్టన్ కంటే ఎంతో గట్టిది. ఇంజన్ పట్టేసినప్పుడు సాధారణంగా కరిగేది పిస్టన్ అల్యూమినియమే. అది గోడకు అంటుకుని గీతల్లా కనిపిస్తుంది. వేలిగోరు ఆనించి చూడండి. గుంటలో దిగకుండా పైకి ఎత్తినట్టు తగిలితే అది అంటుకున్న లోహమే. సన్నని ఎమరీ కాగితంతో ఓపికగా తీస్తే కింద పూత చెక్కుచెదరకుండా ఉండొచ్చు. అప్పుడు కొనాల్సింది పిస్టన్, రింగులే. పాత ఒరిజినల్ సిలిండరును బతికించుకోవడం చవక సిలిండరు కొనడం కంటే చాలాసార్లు మేలు. యాసిడ్ పోసి కరిగించేవాళ్లూ ఉన్నారు. పూత ఊడిన చోట యాసిడ్ తగిలితే సిలిండరునే తినేస్తుంది, క్రోమ్ పూతనూ వదలదు. పూత పెచ్చులుగా లేచిపోయి ఉంటే మాత్రం ఆ సిలిండరుపై ఆశ వదులుకోవాలి.

ఒకే మోడల్ పేరుతో రెండు కొలతలు ఉండొచ్చు

స్టిల్ కంపెనీ 044 మోడల్ సిలిండరు బోరు 50 మి.మీ. తొలినాటి మిషన్లలో పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్‌కు కలిపే గజన్ పిన్ మందం 10 మి.మీ., తర్వాత వచ్చినవాటిలో 12 మి.మీ. తప్పు రకం కొంటే పిస్టన్ సిలిండరులో చక్కగా దిగుతుంది, పిన్ మాత్రం ఎక్కదు. స్టిల్ 026లోనూ 44 మి.మీ., 44.7 మి.మీ. అని రెండు బోర్లు ఉన్నాయి. దుకాణంలో మోడల్ పేరు చెప్పి ఊరుకోకండి. పాత పిస్టన్, పిన్ వెర్నియర్‌తో కొలిచి, రింగు మందం కూడా రాసుకుని వెళ్లండి.

సెట్టుతో వచ్చిన రింగునే వేయాలని లేదు

చవక సెట్లలో తరచూ ముందుగా చేతులెత్తేసేది రింగే. అనుభవమున్న మెకానిక్‌లు చాలామంది ఆ రింగు పక్కన పెట్టి, ఇటలీలో తయారయ్యే కేబర్ రింగు వేస్తారు. పిస్టన్ ఒక్కటే కావలసినప్పుడు మీటియర్ అనే ఇటలీ రకాన్ని ఇష్టపడతారు. ఏ రింగైనా ముందు దాన్ని ఒంటిగా సిలిండరులో పెట్టి, పిస్టన్‌తో సమంగా లోపలికి నెట్టి, కొసల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో కొలవాలి. 50 మి.మీ. బోరుకు సుమారు 0.2 మి.మీ. ఉండాలి. సందు లేకపోతే వేడికి సాగిన రింగు కొసలు ఒకదాన్నొకటి తోసుకుని విరుగుతాయి.

పోర్టు అంచు పదునుగా ఉంటే ప్రమాదం

టూ స్ట్రోక్ సిలిండరు గోడకు కిటికీల్లాంటి పోర్టులుంటాయి. ప్రతి చుట్టులో రింగు వాటి మీదుగా పోతుంది. మంచి సిలిండరులో ఆ అంచులను కాస్త వాలుగా రుద్ది ఉంచుతారు. చవక వాటిలో పదునుగా వదిలేస్తే రింగు అక్కడ తట్టుకుని తెగుతుంది. కొనేముందు అంచు చూడండి, వేలితో మెల్లగా తడమండి. రింగు కొసలు పోర్టులోకి తిరిగిపోకుండా పిస్టన్ గాడిలో చిన్న మేకు ఉంటుంది. పిస్టన్ తల మీది బాణం సైలెన్సర్ వైపు చూడాలి. తిప్పి బిగిస్తే రింగు కొసలు పోర్టులో చిక్కుకుంటాయి.

లాక్ విషయంలో పిసినారితనం వద్దు

గజన్ పిన్ పక్కకు జరగకుండా ఆపే సన్నని తీగ లాక్ ఊడితే కొత్త సిలిండరు క్షణాల్లో పాడవుతుంది. నిమిషానికి 10,000 చుట్లు తిరిగే ఇంజన్‌లో పిస్టన్ నిమిషానికి 20,000 సార్లు దిశ మార్చుకుంటుంది. అంత కుదుపుకు తట్టుకోవాలంటే కంపెనీ లాక్ వేయాలి, తీసినది మళ్లీ వాడకూడదు. దాని తెరిచిన కొస పైకి గానీ కిందికి గానీ ఉండాలి. పక్కకు పెడితే కుదుపులకు కొసలు ముడుచుకుని ఊడిపోవచ్చు.

క్రాంక్ బేరింగ్ మీద నంబరు పక్కన ఉన్న సి3 కూడా చూడాలి

6202 అంటే 15 మి.మీ. ఇరుసుకు సరిపోయే బేరింగ్. దాని పక్కన సి3 అని ఉంటే లోపల గుండ్లకు మామూలు కంటే కాస్త ఎక్కువ సందు ఇచ్చారని అర్థం. బిగుతుగా దిగినప్పుడు, వేడెక్కినప్పుడు ఆ సందు తగ్గుతుంది. సి3 ఉన్న చోట మామూలు బేరింగ్ వేస్తే అది బిగుసుకుని త్వరగా పాడవుతుంది. కొన్ని చైన్‌సాలకు బజారులో దొరకని ప్రత్యేక కొలతల బేరింగులు ఉంటాయి. పాతదాని మీద చెక్కిన అక్షరాలన్నీ, ఒక్కటి వదలకుండా, రాసుకోండి.

అసలు దొంగ తరచూ రబ్బరులోనే ఉంటుంది

టూ స్ట్రోక్‌లో క్రాంక్ గదే గాలిని, పెట్రోలును పైకి పంపే పంపు. ఆయిల్ సీల్ గానీ, కార్బొరేటర్‌ను కలిపే రబ్బరు గొట్టం గానీ పగిలితే అక్కడి నుంచి గాలి దూరుతుంది, పెట్రోలు చాలదు, పిస్టన్ కాలుతుంది. అందుకే పోర్టులు మూసి, సుమారు అర బార్ ఒత్తిడి పెట్టి నిలుస్తుందో లేదో చూడాలి. తర్వాత గాలి లాగేసి కూడా చూడాలి. ఒత్తిడికి ఇరుసును గట్టిగా పట్టుకునే సీల్ పెదవి, గాలి లాగినప్పుడు లేచి లీకవ్వచ్చు. మన బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది. పాత మిషన్ల గొట్టాలు, కార్బొరేటర్ డయాఫ్రంలు దాన్ని ఉద్దేశించి చేసినవి కావు. ఇంజన్ విప్పినప్పుడే వాటినీ మార్చేయడం క్షేమం. పని ముగిశాక ట్యాంకు ఖాళీ చేసి ఉంచండి.

డబ్బు ఏ వరుసలో పెట్టాలి?

ముందు సీళ్లు, గొట్టాలు, కార్బొరేటర్ కిట్టు. తర్వాత కంపెనీ లాకులు, మంచి రింగు. ఆ తర్వాత పిస్టన్. సిలిండరు చిట్టచివర, అదీ పూత పోయిందని రుజువైతేనే. పాత చైన్‌సా చేసినవాళ్లు దాని మెగ్నీషియం క్రాంక్ గదిలో, పూత పూసిన సిలిండరులో చాలా శ్రద్ధ పెట్టారు. వాటిని కాపాడుకుంటూ చిన్న పార్టుల్ని మాత్రం మేలైనవి ఎంచుకుంటే, అదే మిషన్ మరెన్నో కోతలకు పనికొస్తుంది.