పల్నాటి చిన్న కంపెనీకి ఏ ఖాతా, ఏ కార్డు?

గుంటూరు జిల్లా నుంచి విడివడి 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో వ్యాపారం చాలావరకు నేలనే నమ్ముకుని సాగుతున్నది. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, మాచర్ల వైపు సిమెంటు కర్మాగారాలు, నాపరాయి పాలిషింగు యూనిట్లు, చిలకలూరిపేట పరిసరాల స్పిన్నింగు మిల్లులు, పత్తి, మిర్చి వ్యాపారాలు ఇందుకు ఉదాహరణలు. ఒకరి పేరు మీదనో, అన్నదమ్ముల భాగస్వామ్యంగానో నడిచిన ఇటువంటి సంస్థ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీగా మారడం ఇప్పుడు కష్టమేమీ కాదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఇద్దరు వాటాదారులు, ఇద్దరు డైరెక్టర్లు ఉంటే చాలు. కనీసం లక్ష రూపాయల మూలధనం ఉండాలన్న నిబంధనను కూడా 2015 సవరణ తొలగించింది. నమోదు ఇంత సులువైనా, ఆ వెంటనే ఎదురయ్యే మొదటి నిర్ణయాన్ని, అంటే కంపెనీ సొమ్ము ఏ ఖాతాలో ఉండాలి, ఎవరి చేతి కార్డుతో ఖర్చు కావాలి అన్నదాన్ని, పక్క వీధిలోని శాఖకో, పరిచయమున్న మేనేజరుకో వదిలేయడం పరిపాటి. ఆ నిర్ణయం వెనుక చట్టమూ ఉన్నది, సంస్థ రోజువారీ నడకా ఉన్నది.

కంపెనీ వేరు, యజమాని వేరు

లిమిటెడ్ అన్న మాటకు అర్థం పరిమిత బాధ్యత. కంపెనీ అప్పుల పాలైతే వాటాదారుడు తన వాటాల మీద చెల్లించవలసిన మేరకే నష్టపోతాడు గాని, ఇల్లూ పొలమూ అమ్మి తీర్చవలసిన పని లేదు. ఈ రక్షణకు ఆధారం, కంపెనీ తన యజమానుల నుంచి వేరైన మరొక వ్యక్తి అన్న సూత్రం. 1897లో లండనులోని హౌస్ ఆఫ్ లార్డ్స్, బూట్ల వ్యాపారి సాలమన్ కేసులో, దాదాపు అన్ని వాటాలూ ఒక్కరివే అయినా కంపెనీ వేరు, ఆ మనిషి వేరు అని తేల్చింది. భారత కంపెనీ చట్టం కూడా ఆ సూత్రం మీదనే నిలిచింది.

వేరైన వ్యక్తికి వేరైన సంచి ఉండాలి. కంపెనీకి రావలసిన డబ్బు డైరెక్టరు సొంత పొదుపు ఖాతాలో పడినా, ఇంటి ఖర్చుకు కంపెనీ ఖాతా నుంచి తీసినా, ఆ ప్రతి మొత్తానికీ జీతమనో, డివిడెండనో, అప్పనో ఒక పేరు పెట్టవలసి వస్తుంది. వాటిలో డైరెక్టరుకు కంపెనీ ఇచ్చే అప్పును చట్టంలోని 185వ సెక్షను కట్టడి చేస్తున్నది. వ్యాపార సంస్థల పేర పొదుపు ఖాతా తెరవడాన్ని రిజర్వు బ్యాంకు అనుమతించదు కాబట్టి, కంపెనీకి దక్కేది కరెంటు ఖాతాయే.

ఖాతా తెరిచే ముందు

2020 ఫిబ్రవరిలో వచ్చిన స్పైస్ ప్లస్ అనే నమోదు పత్రంతో పాటే కంపెనీ బ్యాంకు ఖాతాకు కూడా దరఖాస్తు చేసుకునే ఏర్పాటు ఉన్నది. అందువల్ల బ్యాంకు ఎంపిక నమోదు తరువాతి పని కాదు, నమోదుకు ముందే ఆలోచించవలసిన పని. పైగా కంపెనీల చట్టంలో 2018 నవంబరు నుంచి అమలులో ఉన్న 10ఎ సెక్షను ప్రకారం, వాటాదారులు తాము ఒప్పుకున్న మూలధనాన్ని చెల్లించారని డైరెక్టరు 180 రోజుల్లో ధ్రువీకరణ దాఖలు చేసేదాకా కంపెనీ వ్యాపారం మొదలుపెట్టకూడదు, అప్పు తీసుకోకూడదు. ఆ చెల్లింపుకు బ్యాంకు స్టేట్‌మెంటే రుజువు. గడువు దాటితే కంపెనీకి 50,000 రూపాయల దాకా జరిమానా. జీఎస్టీ నమోదు పొందిన సంస్థ 30 రోజుల్లో ఖాతా వివరాలు ఇవ్వాలన్న నిబంధన దీనికి తోడు.

బ్యాంకు అడిగే పత్రాలలో నమోదు ధ్రువపత్రం, కంపెనీ పాన్, సంస్థ ఉద్దేశాలను తెలిపే మెమోరాండం, అంతర్గత నియమాలను తెలిపే ఆర్టికల్స్, డైరెక్టర్ల గుర్తింపు పత్రాలు ఉంటాయి. 10 శాతానికి మించి వాటా ఉన్న వ్యక్తులను అసలు లబ్ధిదారులుగా గుర్తించి, వారి వివరాలను కూడా తీసుకుంటారు. వీటన్నిటిలోకీ ముఖ్యమైనది బోర్డు తీర్మానం. ఖాతా ఏ బ్యాంకులో తెరవాలి, ఎవరు సంతకం చేయాలి, ఎంత మొత్తం దాటితే రెండో సంతకం కావాలి అన్నవి అందులో స్పష్టంగా ఉంటే, రేపు ఇద్దరు డైరెక్టర్లకూ మాట తేడా వచ్చినా బ్యాంకు చూసేది ఆ కాగితాన్నే. ఆ కాగితం అస్పష్టంగా ఉంటే, వివాదం తేలేదాకా బ్యాంకు లావాదేవీలను ఆపివేయవచ్చు. బట్టీ మాత్రం ఆగదు, కూలీ ఆగదు.

కరెంటు, ఓడీ, సీసీ

కరెంటు ఖాతాలోని నిల్వ మీద వడ్డీ రాదు. దానికి బదులు లావాదేవీల సంఖ్య మీద పరిమితి లేకుండా వాడుకునే వీలుంటుంది. నెలకు లేదా మూడు నెలలకు ఉంచవలసిన సగటు నిల్వ, ఉచితంగా జమ చేయగల నగదు పరిమితి, చెక్కు పుస్తకం రుసుము, వేరే ఊరి శాఖలో జమ చేస్తే పడే రుసుము బ్యాంకును బట్టి మారుతాయి. కాబట్టి ఎంపిక బ్యాంకు కరపత్రంతో కాక, సంస్థ ఒక నెల లావాదేవీల జాబితాతో మొదలు కావాలి. చిల్లర దుకాణాలకు కారం పొట్లాలు అమ్మే సంస్థకు రోజూ నగదు వస్తుంది కనుక దానికి ఉచిత నగదు జమ పరిమితి, నడిచి వెళ్లగల శాఖ ముఖ్యం. బయటి నుంచి బొగ్గు తెప్పించుకుని, ఆక్వా చెరువులకూ మిల్లులకూ సున్నం పంపే సంస్థకు నగదు తక్కువ, పెద్ద మొత్తాల బదిలీలు ఎక్కువ కనుక దానికి మంచి నెట్ బ్యాంకింగు ముఖ్యం. సీజనులో నిండి తరువాత ఖాళీ అయ్యే పత్తి, మిర్చి సంస్థకు, అదనపు నిల్వను దానంతటదే ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా మార్చే స్వీప్ సదుపాయం పనికొస్తుంది. అదే సంస్థ ఏడాది పొడవునా పెద్ద సగటు నిల్వ అడిగే ఖాతాను ఎంచుకుంటే ఖాళీ నెలల్లో రుసుము కట్టవలసి వస్తుంది.

అప్పు సదుపాయం గల ఖాతాలు రెండు రకాలు. ఓవర్‌డ్రాఫ్ట్, అంటే వాడుకలోని ఓడీ, సాధారణంగా ఆస్తి లేదా డిపాజిట్ హామీ మీద ఖాతాలో ఉన్నదానికి మించి తీసుకునే వీలు. క్యాష్ క్రెడిట్, అంటే మిల్లుల వాడుకలోని సీసీ లిమిట్, గోదాములోని సరుకు మీద, రావలసిన బాకీల మీద ఇచ్చేది. 40 లక్షల సరుకు ఉండి, బ్యాంకు అందులో 25 శాతాన్ని మార్జిన్‌గా మినహాయిస్తే, తీసుకోగలిగేది 30 లక్షలు. సరుకు అమ్ముడైతే ఆ హద్దు కూడా తగ్గుతుంది కనుక ప్రతి నెలా సరుకు నివేదిక ఇవ్వాలి. వాడుకున్న మొత్తానికి, వాడుకున్న రోజులకే వడ్డీ పడుతుంది. ఇక్కడ ఒక సంగతి మరువరాదు. ఇటువంటి రుణాలకు బ్యాంకులు సాధారణంగా డైరెక్టర్ల వ్యక్తిగత హామీ అడుగుతాయి. ఆ సంతకం పడిన మేరకు లిమిటెడ్ అన్న రక్షణ తొలగిపోతుంది, ఎందుకంటే హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవారి బాధ్యతతో సమానం.

నాలుగు బ్యాంకుల్లో నాలుగు ఖాతాలు పెట్టుకునే అలవాటు మీద కూడా హద్దులున్నాయి. అప్పు ఒక బ్యాంకులో తీసుకుని, వసూళ్లను మరో బ్యాంకుకు మళ్లించడాన్ని అరికట్టేందుకు రిజర్వు బ్యాంకు 2020 ఆగస్టులో కరెంటు ఖాతాల మీద ఆంక్షలు విధించి, 5 కోట్ల రూపాయల లోపు రుణాలున్నవారికి 2021లో సడలింపు ఇచ్చింది. చిన్న కంపెనీకి చట్టపరమైన అడ్డంకి తక్కువే అయినా, వసూళ్లు నడిచే ఖాతా, అప్పు ఖాతా ఒకే బ్యాంకులో ఉంటే రుణం పెంచమని అడిగినప్పుడు సంస్థ నడత బ్యాంకు కళ్లముందే ఉంటుంది.

డబ్బు కదిలే దారులు

ఎన్‌ఈఎఫ్‌టీ అరగంటకొకసారి జట్లు జట్లుగా బదిలీ చేస్తుంది, ఆర్‌టీజీఎస్ 2 లక్షలు, ఆపై మొత్తాలను అప్పటికప్పుడే చేరుస్తుంది. మొదటిది 2019 డిసెంబరు నుంచి, రెండోది 2020 డిసెంబరు నుంచి రాత్రింబగళ్లు పనిచేస్తున్నాయి. చెక్కు తిరిగివస్తే రెండేళ్ల దాకా జైలు లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు జరిమానా పడే అవకాశం ఉన్నది. కంపెనీ చెక్కయితే అప్పటి వ్యవహారాలకు బాధ్యుడైన డైరెక్టరు కూడా ముద్దాయి అవుతాడు.

నగదు విషయంలో ఆదాయపు పన్ను నియమాలు పల్నాటి వ్యాపారాన్ని నేరుగా తాకుతాయి. ఒక వ్యక్తికి ఒక రోజులో 10,000 రూపాయలకు మించి నగదు ఇస్తే ఆ ఖర్చును లాభం లెక్కలో తగ్గించుకోనివ్వరు. లారీ కిరాయికి మాత్రం ఈ హద్దు 35,000. రైతు పండించిన పంటను ఆ రైతు దగ్గరే కొన్నప్పుడు మినహాయింపు ఉన్నది గాని, అదే మిర్చిని మధ్యవర్తి వద్ద కొంటే ఆ మినహాయింపు వర్తించదు. అందుచేత పంటల కాలంలో రైతుల ఖాతాలకు ఒకేసారి వందల చెల్లింపులు పంపగల సామూహిక బదిలీ సదుపాయం ఉందో లేదో ఖాతా తెరిచే ముందే అడగాలి.

కార్డు ఎవరి చేతిలో ఉండాలి

తెలుగునేలకు కార్డు కొత్తది కాదు. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, 1981లోనే క్రెడిట్ కార్డును ప్రవేశపెట్టి దేశంలో ఆ దారిలో ముందు నడిచిన బ్యాంకుల్లో ఒకటిగా నిలిచింది. నేడు కంపెనీ ముందున్నవి ప్రధానంగా మూడు. కరెంటు ఖాతాకు అనుసంధానమైన డెబిట్ కార్డు ఉన్న డబ్బునే ఖర్చు చేయిస్తుంది. రిజర్వు బ్యాంకు 2022 నియమావళి ప్రకారం సీసీ ఖాతాకు దీన్ని ఇవ్వకూడదు, ఇద్దరూ కలిసి సంతకం చేయవలసిన ఖాతాకు బ్యాంకులు సాధారణంగా ఇవ్వవు. ముందుగా డబ్బు నింపి ఇచ్చే ప్రీపెయిడ్ కార్డు, లారీల డీజిలు కోసం చమురు సంస్థలు ఇచ్చే కార్డు సిబ్బంది ఖర్చుకు హద్దు గీస్తాయి. వ్యాపార క్రెడిట్ కార్డు, గడువులోగా మొత్తం కట్టినంతకాలం కొన్ని వారాల వడ్డీలేని అప్పు. కనీస మొత్తం మాత్రమే కట్టి మిగతాది సాగదీస్తే ఏడాదికి 36 శాతం, కొన్నిచోట్ల అంతకు మించి వడ్డీ పడుతుంది, అంటే సీసీ వడ్డీకి కొన్ని రెట్లు.

కార్డు తీసుకునే ముందు అందులోని బాధ్యత ఎవరిదో చదవాలి. కంపెనీదే బాధ్యతైతే ఉద్యోగి దుర్వినియోగం చేసినా కంపెనీయే కట్టాలి, ఉమ్మడి బాధ్యతైతే కార్డు పట్టుకున్న డైరెక్టరు రుణచరిత్ర కూడా దెబ్బతింటుంది. అమ్మకం వైపు కార్డు యంత్రం పెట్టుకుంటే వ్యాపారి కట్టే రుసుమును ఎండీఆర్ అంటారు. యూపీఐ, రూపే డెబిట్ కార్డు చెల్లింపుల మీద 2020 జనవరి నుంచి అది లేదు, క్రెడిట్ కార్డు మీద ఉన్నది.

కాపు కాయడం

కంపెనీ సొమ్ము ఎంత ఉన్నా, బ్యాంకు మూతపడితే బీమా కింద దక్కేది ఒక్కో బ్యాంకుకు 5 లక్షలే. 2020 ఫిబ్రవరికి ముందు అది లక్షే. 2001లో హైదరాబాదులో కృషి సహకార బ్యాంకు కుప్పకూలినప్పటి డిపాజిటుదారులకు ఉన్నది ఆ లక్ష హద్దే. అందువల్ల డిపాజిట్ మీద వడ్డీ అర శాతం ఎక్కువని మూలధనమంతా ఒక చిన్న బ్యాంకులో పెట్టడం వివేకం కాదు.

మోసం విషయానికి వస్తే, ఖాతాదారు తప్పు, బ్యాంకు తప్పు రెండూ లేకుండా డబ్బు పోయి, ఆ సంగతి మూడు పనిదినాల్లో తెలిపితే ఖాతాదారు మీద భారం పడదని రిజర్వు బ్యాంకు 2017లో నిర్దేశించింది. ఓటీపీని ఖాతాదారే చెప్పి ఉంటే బ్యాంకుకు తెలిపేదాకా పోయినదంతా ఖాతాదారుదే. గుమాస్తా బదిలీని తయారుచేసి డైరెక్టరు ఆమోదించే రెండంచెల నెట్ బ్యాంకింగు, గుమాస్తా ఫోనుకు కాక డైరెక్టరు ఫోనుకే వచ్చే ఓటీపీ ఇందుకు మొదటి కట్టుదిట్టాలు. మోసం జరిగితే బ్యాంకుతో పాటు 1930 నంబరుకు వెంటనే తెలపాలి.

బ్యాంకు పేరును చూసి నిర్ణయించడంలో ఒక ఇబ్బంది ఉన్నది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. గుంటూరు కేంద్రంగా నడిచిన చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగమైంది. బ్యాంకుల పేరు పలకలు మారుతాయి. కనుక పల్నాటి చిన్న కంపెనీ యజమానులు బ్యాంకు గుమ్మం ఎక్కే ముందు తమ బోర్డు సమావేశంలో కూర్చుని, నెలకు ఎంత నగదు వస్తుంది, ఎవరి సంతకం ఎంతవరకు చెల్లుతుంది, ఏ కార్డు ఎవరి చేతిలో ఏ హద్దుతో ఉండాలి, వ్యక్తిగత హామీ ఎంతవరకు ఇవ్వవచ్చు అన్న నాలుగు సంగతులను మినిట్సు పుస్తకంలో రాసుకోవాలి. ఆ పేజీ చేతిలో ఉన్నవారికి ఖాతా ఎంపిక అరగంట పని.